అవ్వ మందు వచ్చింది, లెక్క రాలేదు

మేము బడిలో చదివింది తమిళం. తెలుగు రాత రైల్వే ఉద్యోగం ముగిశాక కూడబలుక్కుని నేర్చుకున్నది. తప్పులుంటే దిద్దండి.

ఈసారి రాసేది ముందుగా మా తప్పు ఒప్పుకోవడానికి. పోయిన ఐప్పసి వానల్లో మన వాట్సాప్‌లో ఒక సందేశం తిరిగింది. కొబ్బరినూనెలో కర్పూరం కరిగించి బిడ్డ రొమ్ముకి పూయండి, తెల్లగడ్డ కాచిన నూనె చెవిలో రెండు చుక్కలు, ముక్కులో ఒక చుక్క వేయండి, పడిశమూ చెవిపోటూ రాత్రికి రాత్రి పోతాయి, ఇది మన పూర్వీకుల వైద్యం అని. దాన్ని ముందుకు పంపినవాళ్ళలో మేమూ ఉన్నాం. మరునాడు పీళమేడు నుంచి మనవాళ్ళ అమ్మాయి ఒకామె ఫోన్ చేసింది. "పెద్నాయనా, మా బిడ్డకి అయిదో నెల. ఏ కర్పూరం వేయాలి? ఎంత వేయాలి?" అని అడిగింది. మా దగ్గర జవాబు లేదు. "ఏదీ వేయొద్దమ్మా, ముందు డాక్టరుకి చూపించు" అని ఫోన్ పెట్టేశాం. మాకే జవాబు తెలియని మందుని నూరుమందికి ఎట్లా పంపాం అని ఆ రాత్రి నిద్ర పట్టలేదు. ఆ తర్వాత వెతికి, చదివి, పెద్దవాళ్ళని అడిగి తెలుసుకున్నది ఇక్కడ పెడుతున్నాం.

మనవాళ్ళు ఈ నేలకి వచ్చిన కథ అందరికీ తెలిసిందే. 1529లో విశ్వనాథ నాయకుడు మదురైలో పాలన మొదలుపెట్టాడు. ఆ ముందూ వెనకా, తిరుమల నాయకుడి కాలం (1623-1659) దాకా, ఆ తర్వాతా గుంపులు గుంపులుగా తెలుగువాళ్ళు దక్షిణానికి నడిచి వచ్చారు. కరిసల్ నేలలో పత్తి వేశారు, బావులు తవ్వారు. ఆ వలస కథనే కి. రాజనారాయణన్ గారు 1976లో 'గోపల్ల గ్రామం' అని తమిళంలో నవలగా రాశారు. వచ్చినవాళ్ళు గింజలూ దేవుళ్ళూ తెచ్చుకున్నట్టే మందుల వాడకమూ తెచ్చుకున్నారు. ఇక్కడికి వచ్చాక ఈ నేల మొక్కలు, సిద్ధ వైద్యుల పద్ధతులు దానితో కలిసిపోయాయి. అందుకే మన ఇళ్ళలో మందు పేర్లు సగం తెలుగు, సగం తమిళం. శొంఠి, మిరియాలు, పిప్పళ్ళు, కరక్కాయ, వావిలాకు అని తెలుగులో అంటాం. తూదువళైని మాత్రం తూదువళై అనే అంటాం. నువ్వుల నూనెని మన పెద్దవాళ్ళు మంచినూనె అనేవాళ్ళు. తమిళంలో నల్లెణ్ణై అన్నా అర్థం మంచినూనే. రెండు భాషలవాళ్ళూ ఒకే నూనెకి ఒకే మెప్పు ఇచ్చారు. మందు సరుకులకి మదురైవాళ్ళు కీళమాసి వీధికి, కోయంబత్తూరువాళ్ళు టౌన్‌హాల్ పక్క అంగళ్ళకి పోయేవాళ్ళు.

ఇప్పుడు అవ్వ మందు ఎట్లా ఇచ్చేదో గుర్తు చేసుకోండి. పసిబిడ్డకి అరగదీసి ఇచ్చే మందుని తమిళంలో ఉరై మరుందు అంటారు. వస, కరక్కాయ, జాజికాయ, మాచికాయ, శొంఠి లాంటివి. వసకొమ్ముని ఆముదం దీపం మీద మాడ్చేది. మిగతావాటిని ఉడికించి ఎండబెట్టి డబ్బాలో దాచేది. ఇవ్వాల్సిన రోజు చిన్న రాతిమీద చనుబాలు వేసి ఒక్కొక్కటీ అరగదీసేది. దీనికి రాపులతో లెక్క. దీన్ని ఒక రాపు, దాన్ని రెండు రాపులు, అన్నీ కలిపి పాలాడెలో పావు వంతు. బిడ్డ పెరిగితే రాపు పెరుగుతుంది, విరేచనం పలచనైతే ఒక వస్తువు ఆగిపోతుంది. రాయే తక్కెడ, రాపే తూకం. ఆ లెక్క అవ్వ చేతిలో ఉండేది, కాగితం మీద ఎక్కలేదు.

వస విషయంలో ఇంకో జాగ్రత్త కూడా ఉండేది. దాన్ని పేరు పెట్టి పిలిచేవాళ్ళు కారు. తమిళంలో 'పేర్ సొల్లాదదు', అంటే పేరు చెప్పనిది అని అంటారు. 'పిళ్ళై వళర్ప్పాన్', బిడ్డని పెంచేది అనే పేరూ ఉంది. పేరు కూడా పలకని వస్తువు దగ్గర చెయ్యి తేలిగ్గా పడదు కదా.

ఆ లెక్క ఎప్పుడు తెగింది? మాకు తోచింది ఇది. కోయంబత్తూరులో మొదటి నూలుమిల్లు 1888లో వచ్చింది. 1910లో లక్ష్మీ మిల్లు. తర్వాత మోటారు పంపులు, ఫౌండ్రీలు. ఊళ్ళనుంచి మనవాళ్ళు టౌనుకి వచ్చారు. అవ్వ ఊళ్ళోనే ఉండిపోయింది. మనలాంటివాళ్ళకి బదిలీ మీద బదిలీ. క్వార్టర్సులో పుట్టిన బిడ్డకి ఉత్తరంలో మందు పేర్లు రాసి పంపేవాళ్ళు గానీ రాపుల లెక్క పంపలేకపోయారు. ఇప్పుడు అంగట్లో అన్నీ కలిపి పొడి చేసి డబ్బాలో అమ్ముతున్నారు. పొడికి రాపు లేదు, చెంచానే.

లెక్క తెగడం ఒక సంగతి. లెక్క ఉన్నా నిలబడని మందులు కొన్ని ఉండడం ఇంకో సంగతి. ఇక్కడ అవ్వని కూడా వెనకేసుకు రాలేం. వసలోని తైలంలో ఉండే ఒక పదార్థం ఎలుకల్లో కేన్సర్ పుట్టించిందని తేలాక, 1968లో అమెరికా దాన్ని ఆహారంలో వాడకూడదని నిషేధించింది. ఎక్కువైతే వాంతులు వస్తాయని మన వైద్యులకి ఎప్పటినుంచో తెలుసు, వాంతి చేయించడానికే దాన్ని వాడేవాళ్ళు. తేనె కూడా అంతే. నాలిక్కి తేనె రాయని ఇల్లు మనలో లేదు. ఏడాది లోపు బిడ్డ పేగులో ఒక క్రిమి మొలకెత్తి విషం పుట్టించగలదని 1976లో కాలిఫోర్నియాలో కనిపెట్టారు. ఆ క్రిమి తేనెలో ఉండొచ్చు. ఆ విషానికి బిడ్డ ఒళ్ళు వడలిపోతుంది, పాలు తాగలేదు, ఊపిరి ఆడదు. ఏడాది దాటాక పేగు గట్టిపడుతుంది, అప్పుడు తేనెతో ఆ భయం లేదు. పైగా దగ్గుకి మంచిది కూడా. ఒకే తేనె, ఏడాదికి ముందు ఒక లెక్క, తర్వాత ఇంకో లెక్క.

ఇక ఆ అమ్మాయి అడిగిన కర్పూరం. పాతకాలం కర్పూరం చెట్టునుంచి తీసింది. పచ్చకర్పూరం బోర్నియో, సుమత్రా దీవుల చెట్లనుంచి ఓడల్లో వచ్చేది. మామూలు కర్పూరం చీనా, జపాను, ఫార్మోసా దేశాలది. 1899లో జపాను ఫార్మోసా కర్పూరం వ్యాపారం మొత్తాన్ని సర్కారు గుప్పిట్లో పెట్టుకుంది. ధర పెరిగింది. ఇరవయ్యో శతాబ్దం మొదట్లో సరళవృక్షం జిగురునుంచి తీసే టర్పెంటైనుతో కర్పూరం చేయడం నేర్చారు. ఇప్పుడు పూజకి కొనే బిళ్ళలు ఎక్కువగా అట్లా తయారైనవే. అవి హారతికి చేసినవి, ఒంటికి చేసినవి కావు. మన అవ్వ చిటికెడు అన్నప్పుడు కర్పూరం ఖరీదైన వస్తువు. ఇప్పుడు పది రూపాయలకి పొట్లం వస్తుంది, నూనెలో గుప్పెడు పడుతుంది.

ఏ చెట్టుదైనా, ఏ ఫ్యాక్టరీదైనా కర్పూరం చిన్నపిల్లలకి విషమే. చర్మం గుండా, ముక్కు గుండా, నోటి గుండా ఒంట్లోకి పోతుంది. ఒక గ్రాము చుట్టుపక్కల మింగినా చిన్నబిడ్డ ప్రాణం మీదికి వచ్చిన సందర్భాలు వైద్యపుస్తకాల్లో ఉన్నాయి. కొన్ని నిమిషాల్లోనే ఫిట్స్ రావచ్చు. 1980ల మొదట్లో అమెరికా సర్కారు కర్పూరతైలం అమ్మకం ఆపించి, పూతమందుల్లో కర్పూరం నూటికి 11 పాళ్ళు మించరాదని కట్టడి చేసింది.

ఇక్కడ మన తెలుగాయన కథ ఒకటి చెప్పాలి. కృష్ణా జిల్లా ఎలకుర్రులో పుట్టిన కాశీనాథుని నాగేశ్వరరావు పంతులు గారు 1893లో బొంబాయిలో అమృతాంజనం మొదలుపెట్టారు. తర్వాత అది మద్రాసుకి మారింది. ఆ డబ్బుతోనే ఆంధ్రపత్రిక నడిపారు. నొప్పి, జలుబులకి ఇంట్లో నూరుకునే రకం సరుకులే కొలత వేసి, సీసాలో పెట్టి, ఒకే పాళ్ళలో ఊరూరా పంపారు. అంటే లెక్కని చేతిలోనుంచి సీసాలోకి మార్చడం మనవాళ్ళకి నూరేళ్ళ కిందటే తెలుసు. కొలత ఉన్న పూతమందు కూడా అందరికీ కాదు. కర్పూరం ఉన్న పూతమందుల మీద రెండేళ్ళ లోపు పిల్లలకి వాడొద్దని రాసి ఉంటే, ఆ చిన్న అక్షరాలు కళ్ళద్దాలు పెట్టుకుని చదవండి. పెద్ద పిల్లలకైనా ముక్కులో, ముక్కు కింద పూయకూడదు.

తర్వాత ముక్కులో నూనె. మన ఊళ్ళలో బిడ్డకి తలంటేటప్పుడు ముక్కులో చెవిలో నూనె వేసి ఊదేవాళ్ళు. మా ఒంటికీ జరిగింది. ఇందులో ఉన్న చిక్కు ఇది. నీళ్ళు తప్పుదారిన పోతే బిడ్డ దగ్గుతుంది. నూనె మెత్తగా జారుతుంది, దగ్గు పుట్టించకుండానే ఊపిరితిత్తుల్లోకి దిగిపోతుంది. అక్కడ దాన్ని ఒళ్ళు అరిగించుకోలేదు. నెమ్మదిగా న్యుమోనియాలాగా ముదురుతుంది. ఎంత మందు ఇచ్చినా తగ్గదు, ఎందుకంటే అది క్రిమి వల్ల వచ్చింది కాదు. 1925లోనే కెనడాలో లాఫ్లెన్ అనే డాక్టరు ముక్కులో గొంతులో నూనె పడ్డవాళ్ళ ఊపిరితిత్తుల్లో దీన్ని చూపించాడు. 1973లో బ్రిటిష్ మెడికల్ జర్నల్‌లో డాక్టర్ బాలకృష్ణన్ రాసిన వ్యాసం పేరే దక్షిణ భారతదేశపు పసిబిడ్డల్లో, పిల్లల్లో నూనె న్యుమోనియా అని. మన ఇళ్ళలో తలంటు పేరుతో జరిగినదాన్ని లోకం చదివే పత్రికలో రాయాల్సి వచ్చింది. పడిశంతో ముక్కు మూసుకున్న బిడ్డ నోటితో గాలి పీలుస్తూ ఉంటుంది. అప్పుడు నూనె వేస్తే ఇంకా తేలిగ్గా లోపలికి పోతుంది.

చెవి దగ్గరికి వచ్చేసరికి మాకు చెయ్యి ఆడడం లేదు. మా తమ్ముడి సంగతి రాయాలి. వాడు చదివి ఒప్పుకున్నాకే రాస్తున్నాం.

మేము తిరుమంగళం పక్క ఊళ్ళో పెరిగాం. తమ్ముడికి ఆరేళ్ళప్పుడు పడిశం పట్టి, రెండు రాత్రులు కుడి చెవి పట్టుకుని ఏడ్చాడు. మూడో రాత్రి ఏడుపు ఆగింది. తెల్లారి తలగడ మీద చీము మరక. నొప్పి తగ్గింది కాబట్టి అవ్వ మందు పనిచేసిందని అందరం సంతోషించాం. ఆ తర్వాత ఎప్పుడు పడిశం వచ్చినా చెవి కారేది. కారినప్పుడల్లా తెల్లగడ్డ నూనె, కొన్నిసార్లు చిన్న ఎర్రగడ్డ రసం, ఒకసారి ఎవరో చెప్తే ఆకు పసరు. ఆరేడు సంవత్సరాలు ఇదే.

వాడు పెద్దయ్యాక రైల్వేలో ఇంజన్ మీద పనికి రాతపరీక్ష నెగ్గాడు. ఇంట్లో పండగ చేసుకున్నాం. ఇంజన్ మీద పనిచేసేవాళ్ళకి వైద్యపరీక్ష గట్టిగా ఉంటుంది, కన్ను చెవి రెండూ నిక్కంగా ఉండాలి. కుడి చెవి కర్ణభేరికి పెద్ద చిల్లు, వినికిడి సగానికి తక్కువ అని తేలింది. వాడు రాత్రంతా ప్లాట్‌ఫారం బెంచీ మీద కూర్చుని ఉదయం ఇంటికి వచ్చాడు. మేము గుమాస్తాగా చేరి రిటైరైనదాకా ఇంజన్ కూత వినిపించినప్పుడల్లా వాడే గుర్తొచ్చేవాడు.

తర్వాత చూసిన చెవి డాక్టరు ఒక మాట చెప్పాడు. నూనె చిల్లు పెట్టలేదు. గొంతు వెనకనుంచి నడిమి చెవికి ఒక సన్న గొట్టం ఉంటుంది. పిల్లల్లో అది పొట్టిగా, అడ్డంగా ఉంటుంది. పడిశం దానిగుండా చెవిలోకి పాకుతుంది. చీము నిండి కర్ణభేరి చిట్లుతుంది. చిట్లగానే ఒత్తిడి తగ్గి నొప్పి పోతుంది. మేము మందు గుణం అనుకున్నది చెవి చిట్లడం. సరిగ్గా చూసుకుంటే ఆ చిల్లు చాలామందికి తనంతట మూసుకుంటుంది. మూసుకోకుండా నిలిచిపోయింది తడివల్ల, నూనెవల్ల, మాటిమాటికీ వచ్చిన చీమువల్ల, అన్నిటికన్నా ఆలస్యంవల్ల. చిల్లున్న చెవిలో పోసింది ఏదైనా నేరుగా నడిమి చెవిలోకి పోతుంది. చిల్లు ఉందో లేదో ఇంట్లో ఎవరికీ కనిపించదు. అందుకే ఏమీ పోయకూడదు.

కారే చెవికి ప్రపంచ ఆరోగ్య సంస్థ చెప్పే ఇంటిపని ఒకటుంది. అది మన అవ్వలకి బాగా చేతనైన పనే. శుభ్రమైన పలచటి నూలుగుడ్డని వత్తిలాగా చుట్టి చెవిలో పెట్టాలి, తడవగానే తీసి కొత్తది పెట్టాలి, పొడిగా వచ్చేదాకా. రోజుకి 3 సార్లు. దూది పుల్ల, అగ్గిపుల్ల, పిన్ను కూడదు. స్నానంలో చెవిలోకి నీళ్ళు పోనివ్వకూడదు. చుక్కల మందు డాక్టరు చెవి చూసి ఇవ్వాలి. చెవుడు నివారణకి మన దేశంలో 2007లో జాతీయ కార్యక్రమం మొదలైంది. తమ్ముడికి అది అందలేదు, మన మనవళ్ళకి అందుతుంది.

ఆవిరి గురించి కూడా చెప్పాలి. నీలగిరి కొండల తైలం కోయంబత్తూరు ఇళ్ళలో ఎప్పుడూ ఉంటుంది. ఆ చెట్టు పూర్వీకులది కాదు, పందొమ్మిదో శతాబ్దంలో తెల్లవాళ్ళు ఆస్ట్రేలియానుంచి తెచ్చి నాటింది. దాన్ని పిల్లలు కొద్దిగా మింగినా ఫిట్స్ రావచ్చు. పీల్చినా కొందరికి ఫిట్స్ వచ్చాయని బెంగళూరు సెయింట్ జాన్స్ వైద్యకళాశాల డాక్టర్లు రాశారు. సీసా పిల్లలకి అందనివ్వకండి. మరిగే కుండ మీద దుప్పటి కప్పి పిల్లల్ని కూర్చోబెట్టడం అసలే వద్దు. కుండ ఒలికితే పడిశం కన్నా పెద్ద కష్టం.

అయితే అంగట్లో సిరప్పు కొని పోస్తే మంచిదా అని అడుగుతారు. అదీ కాదు. 1972లో మద్రాసులోనే కల్తీ కలిసిన మందు తాగి పదిమందికి పైగా పిల్లలు పోయారు. 2025లో మన కాంచీపురం జిల్లాలో తయారైన ఒక దగ్గు సిరప్పు తాగి మధ్యప్రదేశ్ ఛింద్వాడా పక్క 20 మందికి పైగా పిల్లలు చనిపోయారు. జలుబుకి ఎక్కువగా అమ్మే రెండు మందుల కలయికని నాలుగేళ్ళ లోపు పిల్లలకి ఇవ్వకూడదని 2023లో కేంద్ర ఔషధ అధికారులు ఆజ్ఞ వేశారు. సీసాలో ఉన్నంత మాత్రాన లెక్క సరిగ్గా ఉందని కాదు. చిన్నబిడ్డ పడిశానికి ఎక్కువగా కావలసింది చనుబాలు, వెచ్చదనం, ముక్కులో ఉప్పునీటి చుక్క, వారం ఓపిక.

మన సంప్రదాయంలో నిలబడేవి చాలానే ఉన్నాయి. పెద్దవాళ్ళకీ పెద్ద పిల్లలకీ మిరియాల చారు, శొంఠి కషాయం, తులసి నీళ్ళు, తూదువళై రసం. ఏడాది దాటిన పిల్లలకి పడుకునే ముందు చెంచా తేనె. వీటిని వదలమని ఎవరూ చెప్పలేదు. మేము పెట్టుకున్న హద్దు ఒకటే: వయసుకి తగిన ఆహారంలా తాగేది సరే, చెవిలో ముక్కులో కంట్లో పోసేది వద్దు, ఏడాది లోపు బిడ్డ నోట్లో చనుబాలూ డాక్టరు చెప్పినదీ తప్ప వేరే మందు వద్దు.

ఏది ఎదురు చూడకూడదో కూడా గుర్తుంచుకోండి. బిడ్డ నెమ్మదిగా ఉన్నప్పుడు ఒక నిమిషం ఊపిరి లెక్కపెట్టండి. రెండు నెలల లోపు బిడ్డకి 60, రెండు నెలలనుంచి ఏడాది లోపు 50, ఏడాదినుంచి అయిదేళ్ళ లోపు 40. అంతకి చేరినా, దాటినా, ఊపిరితో డొక్క లోపలికి లాగినా, పాలు తాగకపోయినా, ఫిట్స్ వచ్చినా, చెవి వెనక వాచినా తెల్లారేదాకా ఆగకండి. మన అవ్వకి రాపుల లెక్క ఉన్నట్టు మనకి ఈ లెక్క ఉండాలి.

అవ్వ మీద మాకు కోపం లేదు. ఆ ఊరికి అప్పుడు బస్సు రోజుకి రెండుసార్లు. చెవి డాక్టరు అంటే మదురై, అంటే ఒక రోజు కూలి. ఆమెకి ఉన్నదాంతో ఆమె రాత్రంతా మేలుకుని చేసింది. మనకి ఆ సాకు లేదు. కోయంబత్తూరులో మనవాళ్ళే ఆసుపత్రులు కట్టారు. మదురైలో మన డాక్టర్ జి. వెంకటస్వామి గారు 1976లో 11 పడకలతో అరవింద్ కంటి ఆసుపత్రి మొదలుపెట్టారు. మా చిన్నప్పుడు కంట్లో ఆకు పసరు పిండడం చూశాం, ఇప్పుడు మన ఇళ్ళలో దాదాపు కనిపించదు. కంటికి మానుకున్నది చెవికీ ముక్కుకీ మానుకోలేమా?

ఐప్పసిలో మేము పంపిన సందేశం వెనక్కి తీసుకుంటున్నాం. మీ ఫోన్‌లో ఉంటే చెరిపేయండి, మీరు ఎవరికి పంపారో వాళ్ళకీ చెప్పండి. ఇంట్లో అవ్వలు ఉన్నవాళ్ళు వాళ్ళ మందుని ఒక కాగితం మీద రాయండి. ఏ వస్తువు, ఎన్ని రాపులు, ఏ వయసుకి, ఎప్పుడు ఆపాలి, ఎవరికి ఇవ్వకూడదు. ఆ అయిదింటిలో ఒక్కదానికి జవాబు లేకపోయినా అది జ్ఞాపకంగా దాచుకోండి, బిడ్డకి ఇవ్వకండి.

పీళమేడు అమ్మాయి బిడ్డ బాగుంది. మా తమ్ముడికి ఇప్పుడు కిరాణా అంగడి ఉంది. ఫోన్ ఎప్పుడూ ఎడమ చెవికే పెట్టుకుంటాడు. ఈ వ్యాసం మొదట వాడికే చదివి వినిపించాం, ఎడమ పక్కన కూర్చుని.